మూడో కప్పు

జూలై 9

పిన్నీ,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగంతో నువ్వు పోట్లాడతావు. అందుకే కాగితం పట్టుకున్నాను. బాబాయ్ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెబితే లెక్కపెట్టుకుంటూ ఎక్కుతున్నాడని అమ్మ చెప్పింది.

నా రెండో తరగతి పిల్లలు ఏం చేశారో చెప్తాను విను. ముప్పై నలుగురు. మెట్ల పక్క గది, ఒకే కిటికీ, సుద్దముక్కల డబ్బాలూ ఒక విరిగిన గ్లోబూ ఉండే ఇనుప అల్మారా. మూడు ఐస్‌క్రీం కప్పుల్లో మట్టి పోసి, నానబెట్టిన చిక్కుడు గింజలు పెట్టాం. ఒకటి కిటికీలో, నీళ్లతో. ఒకటి కిటికీలోనే, నీళ్లు లేకుండా. మూడోది బాగా తడిపి అల్మారాలో పెట్టి తాళం వేశాం. తాళంచెవికి ఒక మంత్రిని నియమించాను. ఏడేళ్ల పిల్ల, జడలు ఎప్పుడూ ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటాయి. తాళంచెవి మెళ్లో వేసుకుని తొమ్మిది రోజులు నిద్రలో కూడా తియ్యలేదట.

పదో రోజు తెరిస్తే పిన్నీ, అల్మారాలోది కిటికీలోదానికంటే జానెడు పొడుగు! పాలిపోయి, పసుపుగా, ఒంగిపోయి ఉంది. "దీనికి జ్వరమొచ్చిందా టీచర్?" అని ఒకడు. మంత్రి మాత్రం ఇంకో నానిన గింజ తెచ్చి రెండుగా విప్పి, ఆ లావు బద్దలు చూసి, "ఇది టిఫిన్ డబ్బా తనే తెచ్చుకుంది టీచర్, అందుకే ఇంకా ఎండ అడగలేదు" అంది. నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. నాకు బి.ఎడ్.లో కూడా ఎవరూ ఇంత శుభ్రంగా చెప్పలేదు.

చిక్కల్లా వర్క్‌బుక్కుతో. అందులో మూడు కప్పుల బొమ్మలు అచ్చేసి, మూడోది ఖాళీగా వదిలి, "చీకటిలో విత్తనం మొలకెత్తలేదు" అని ముందే రాసి పెట్టారు. పిల్లలు టిక్కు పెట్టాలంతే. నా వాళ్లు ఆ వాక్యం కొట్టేసి, ఖాళీ కప్పులో పొడుగాటి పసుపు మొక్క గీసేశారు. ముప్పై నాలుగు పుస్తకాల్లో. హెడ్మాస్టరు చూశాడు. కళ్లజోడు తుడుచుకుని వెళ్లిపోయాడు.

నువ్వు ముప్పై ఒక్క ఏళ్లు రెండో తరగతికి చెప్పినదానివి. నీకేమనిపిస్తోంది?

నీ అక్క కూతురు

*

జూలై 14

ఏమే మొండిఘటం,

బాబాయ్ మోకాలు అలాగే ఉంది, నోరు మాత్రం బాగా పనిచేస్తోంది.

ఇంత చిన్నదానికి ఇంత హడావుడా? ఎవరో అల్మారా తెరిచి ఉంటారు. పిల్లల మెళ్లో తాళంచెవి వేస్తే తెరవక పూజ చేస్తారా? వెలుతురు తగిలింది, మొలిచింది. దీనికి మందు నా దగ్గరుంది, రాసుకో. నాలుగో కప్పు. ఉత్త మట్టి పోసి బల్ల కింద దాచుకో. తెరిచే రోజు పొద్దున గంట కొట్టకముందే వెళ్లి, మొలిచిన కప్పు తీసేసి ఉత్త కప్పు పెట్టెయ్. పిల్లలు చూస్తారు, పుస్తకంతో సరిపోతుంది, అందరూ సుఖంగా ఇళ్లకి పోతారు. పిల్లవాడు అనుమానంతో ఇంటికి వెళ్లకూడదు. అది టీచరు బాధ్యత.

హెడ్మాస్టరుతో పెట్టుకోకు. నీ పర్మనెంట్ ఆర్డరు ఈ ఏడే కదా రావాలి.

పిన్ని

*

జూలై 20

పిన్నీ,

నీ ఉత్తరం స్టాఫ్ రూంలో చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. నాలుగో కప్పు! గంట కొట్టకముందే! డ్రాయింగు టీచరుకి చదివి వినిపిస్తే ఆవిడ టీ ఒలకబోసుకుంది. నువ్వు ఇంత వేళాకోళం చేస్తావని తెలిస్తే ఎప్పుడో రాసేదాన్ని.

ఇక్కడ మాత్రం నవ్వే సంగతి కాదు. హెడ్మాస్టరు పిలిచాడు. వచ్చే నెల తల్లిదండ్రుల కోసం ప్రదర్శన ఉంది, ఆ పేజీల మీద తెల్లకాగితం అంటించి సరైన జవాబు రాయించమన్నాడు. "సరైన జవాబే ఉంది సార్" అన్నాను. "పుస్తకంలో ఉన్నది సరైన జవాబు" అన్నాడు. "అయితే మళ్లీ చేసి చూద్దాం" అన్నాను. ఒంటికాలి మీద లేచాడు.

మళ్లీ చేశాం కూడా. ఈసారి రేకు డబ్బాలో పెట్టి, మూతికి కాగితం అంటించి, దాని మీద ముప్పై నలుగురూ సంతకాలు పెట్టారు. అందులో సగం సంతకాలు గొంగళిపురుగుల్లా ఉన్నాయి. దాని మీద నల్లగుడ్డ చుట్టి పెట్టాం. అయిదో రోజుకే లోపలి నుంచి మొలక కాగితాన్ని పైకి తోసేసింది! ఆయనకి చూపిస్తే డబ్బాకి ఎక్కడో చిల్లుందన్నాడు. పిల్లలు డబ్బాలో నీళ్లు పోసి ఆయన బల్ల మీదే పెట్టారు. ఒక్క చుక్క కారలేదు. నేను పెట్టమనలేదు, ఒట్టు.

నీ వేళాకోళపు పిల్ల

*

జూలై 26

అమ్మాయీ,

నేను వేళాకోళం ఆడలేదు.

మూడు రోజులు ఆలోచించి రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు ప్రతి ఏడూ నాలుగో కప్పు పెట్టాను. ప్రతి ఏడూ అవసరమైంది, ఎందుకంటే ప్రతి ఏడూ ఎవరో ఒక వెధవ అల్మారా తెరిచేవాడు. అది తప్పని నాకెవరూ చెప్పలేదు. మా హెడ్మిస్ట్రెస్సే ఆ కిటుకు నేర్పింది నాకు. నీ డ్రాయింగు టీచరు ముందు నన్ను నవ్వులపాలు చేశావు, సరే, పోనీ.

కానీ పెద్దదాన్నని చెప్తున్నాను. తెరవలేదని పిల్లలు ఒట్టు పెడతారు. నమ్మకు. నువ్వూ పెట్టావు. మర్చిపోయావేమో, నువ్వు నా క్లాసులో ఉన్న ఏడాది తాళంచెవి నీ దగ్గరే ఉంది. పొద్దున్నుంచీ తెరవలేదు తెరవలేదని ఏడ్చి, ఆఖరికి నీ నోటితోనే ఒప్పుకున్నావు. కాబట్టి నాకు పిల్లల గురించి పాఠాలు చెప్పకు.

పిన్ని

*

ఆగస్టు 1

పిన్నీ,

మర్చిపోలేదు. నువ్వు మర్చిపోయావనుకుని ఇన్నేళ్లు ఆ మాట ఎత్తలేదు.

నేను తెరవలేదు.

విను. నాకప్పుడు ఏడేళ్లు. పొద్దున్న నువ్వు అందరికంటే ముందు నీ రెండో తాళంచెవితో అల్మారా తెరిచి, మొలక చూసి, నన్ను గంట కొట్టకముందే పిలిచావు. "నిజం చెప్పు, ఏమీ అనను" అన్నావు. తెరవలేదన్నాను. అల్మారా పక్కన నిలబెట్టావు. మొదటి పీరియడ్ అయింది. రెండోది అయింది. అమ్మ చెల్లెలివి కదా, నువ్వే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారనిపించింది. మూడో పీరియడ్‌లో నాకు వేరే సంగతి అనిపించింది. తెరిచానేమో అని. నిజంగా అనిపించింది పిన్నీ, తలుపు తెరుస్తున్న నా చెయ్యి కూడా కనపడింది. తెరిచాను అన్నాను. నువ్వు నా చేతిలో రెండు బిస్కెట్లు పెట్టి, "చూడండర్రా, నిజం చెప్పడమంటే ఇదీ" అని క్లాసంతటికీ చూపించావు.

నా జీవితంలో మొదటి అబద్ధానికి చప్పట్లు కొట్టించింది నువ్వు.

ఆ తర్వాత ఎన్నేళ్లో, నా కళ్లతో చూసినదాన్ని చూశానని చెప్పాలంటే ముందు ఎదుటివాళ్ల మొహం చూసేదాన్ని. ఇప్పటికీ ఉంది ఆ రోగం. ఇంకే పిల్లలకీ అంటనివ్వకూడదనే నేను టీచర్నయ్యాను, నీలా అవుదామని కాదు. అందరూ నీలా అవుదామనే అయ్యాననుకుంటారు. నేనూ కాదనలేదు.

ఇప్పుడు హెడ్మాస్టరు ఒక కాగితం టైపు చేయించాడు. "అల్మారా తలుపు తెరిచి ఉంచినందువల్ల ప్రయోగ ఫలితం తప్పుగా వచ్చినది. ఇందుకు నాదే బాధ్యత." కింద నా సంతకానికి గీత. సంతకం పెడితే పర్మనెంట్ ఆర్డరు, పిల్లల పేజీల మీద తెల్లకాగితం. పెట్టకపోతే ఆర్డరు ఆయన సొరుగులోనే. ఇరవై ఆరో తారీఖున బడి కమిటీ కూర్చుంటుంది.

ఒకసారి ఒప్పుకున్నాను. ఇంకోసారి ఒప్పుకోను. నీకు కోపం వస్తే రానీ.

*

ఆగస్టు 12

పిన్నీ,

పదకొండు రోజులైంది. నీ దగ్గర్నుంచి ముక్క లేదు. అమ్మని అడిగితే "మీ ఇద్దరి మధ్యలో నన్ను ఇరికించకండి" అంది.

పెద్దదానివి, నిన్ను నొప్పించాను. నొప్పించినందుకు బాధగానే ఉంది. రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. రెండూ నిజమే, ఏం చెయ్యను.

*

ఆగస్టు 13

అమ్మాయీ,

అలిగాననుకుంటున్నావేమో. అలగలేదు. గింజలు మొలవడానికి అన్ని రోజులు పట్టాయి.

నీ ఉత్తరం వచ్చిన పూటే కాఫీపొడి డబ్బా ఖాళీ చేసి, చిక్కుడు గింజలు పెట్టి, దాన్ని చీరలో చుట్టి, ఆ మూట సూట్‌కేసులో పెట్టి, సూట్‌కేసు మంచం కిందికి తోశాను. బాబాయ్‌కి చెప్పలేదు. కాఫీపొడి కాగితప్పొట్లంలో ఎందుకుందని ఆయన రోజూ అడుగుతూనే ఉన్నాడు. సూట్‌కేసు తాళంచెవి నా కొంగున ముడేసుకున్నాను. తెరిచేవాడు ఎవడొస్తాడో చూద్దామని.

నిన్న తీశాను. మూత దానంతటదే పైకి లేచి ఉంది.

మంచం పట్టె పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాను. మోకాలు నొప్పితో బాబాయ్ వచ్చి, నన్ను లేపలేక ఆయనా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం లేవడానికి పక్కింటివాళ్లు రావాల్సి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లే! ప్రతి ఏడూ ఆ అల్మారా నాకు నిజం చెబుతూనే ఉంది, నేను దాన్ని తీసి గోడవతల పారేశాను. పారేసి, ఏటా ఒక పిల్లనో పిల్లవాణ్ణో పట్టుకుని అబద్ధాలకోరువన్నాను. తొమ్మిది మంది మొహాలు గుర్తొస్తున్నాయి. మిగతావాళ్లవి గుర్తు కూడా రావడం లేదు.

నిన్ను మూడు పీరియడ్లు నిలబెట్టాను. నువ్వు తెరవలేదు. ఈ మాట ఇరవై ఆరేళ్ల కిందట అనాల్సింది. నన్ను క్షమించమని అడగను, నువ్వు మొహమాటానికి సరే అంటావు. నాకు మొహమాటపు సరే వద్దు.

చేతులు ముడుచుకుని మాత్రం కూర్చోను. మీ హెడ్మాస్టరుకి ఇవాళే ఉత్తరం వేశాను. జరిగిందంతా కుండ బద్దలు కొట్టినట్టు రాశాను.

పిన్ని

*

ఆగస్టు 18

పిన్నీ,

నీ ఉత్తరం నాకూ అందింది, ఆయనకీ అందింది. నాది చదివి ఏడ్చాను. ఆయనది ఆయన స్టాఫ్ మీటింగులో పైకి చదివాడు.

మొత్తం చదివాడనుకున్నావా? "ముప్పై ఒక్క ఏళ్లు నేనే కప్పులు మార్చాను" అన్నంతవరకు చదివి, మడిచి, "కప్పులు మార్చడం ఈ కుటుంబంలో వంశపారంపర్యం కాబోలు" అన్నాడు. అందరూ నవ్వారు. డ్రాయింగు టీచరు నవ్వలేదు. ఇప్పుడు బడంతా ఏమనుకుంటోందంటే, మొలకలు ఇంట్లో పెంచి నేనే అల్మారాలో పెట్టానట. నిన్నటిదాకా అజాగ్రత్త టీచర్ని. ఇవాళ దొంగని.

అడక్కుండా ఎందుకు రాశావు? మంచి చెయ్యబోయావని తెలుసు. తెలిసినా పుండు మీద కారం చల్లినట్టుంది. సైన్సు పీరియడ్లు నా దగ్గర్నుంచి తీసేసి కుట్లూ అల్లికలూ ఇచ్చారు. పిల్లలు దారపు ఉండలు నీళ్లలో మునుగుతాయా తేలతాయా అని చూస్తున్నారు. నేను ఆపలేదు.

నిజం చెప్తాను. నిన్న ఆ కాగితం బయటికి తీసి చూశాను. ఒక్క సంతకం. గోల వదిలిపోతుంది కదా అనిపించింది. పెన్ను మూత కూడా తీశాను.

*

ఆగస్టు 22

పెన్ను మూత పెట్టు.

నీకు సాయం చెయ్యబోయి గొయ్యి తవ్వాను. తిట్టు, పడతాను. కానీ సంతకం పెట్టేముందు ఇది చదువు.

ఆ తొమ్మిది మందిలో ఒకడు ఈ ఊళ్లోనే ఫ్యాన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. యాభై ఏళ్లవాడు, బట్టతల. వాణ్ణి నిలబెట్టింది నా ఉద్యోగం మొదటి ఏడాదిలో. బాగున్న ఫ్యానే ఒకటి ఆటోలో వేసుకుని వాడి దగ్గరికి వెళ్లాను, ఊరికే వెళ్లడానికి మొహం చెల్లక. వాడు విప్పి చూసి, "దీనికేం రోగం లేదు టీచర్" అన్నాడు. అప్పుడు చెప్పాను. "ఒరేయ్, అల్మారా తెరిచావని నిన్ను కొట్టాను, నువ్వు తెరవలేదురా" అన్నాను.

వాడు స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "తెరిచాను టీచర్" అన్నాడు.

తొమ్మిది మందిలో నిజంగా తెరిచినవాడి దగ్గరికే పోయి పడ్డాను చూడు, నా రాత! సిగ్గు కూడా వేసింది, కొంచెం నవ్వు కూడా వచ్చింది. అప్పుడు వాడన్నాడు, "ఆ పొద్దున్నే, మీరు రావడానికి ఒక్క నిమిషం ముందు తెరిచాను. తలుపు తియ్యగానే జానెడు మొలక ఉంది టీచర్. జానెడు మొలక ఒక్క నిమిషంలో రాదు కదా. అంతలో మీ చెప్పుల చప్పుడైతే తలుపు మూసి బల్ల కింద దూరాను. మీరు దాన్ని తీసి బయట పారేసింది కూడా చూశాను."

"మరి ఎందుకు చెప్పలేదురా" అన్నాను.

"ఎవరికి చెప్పాలి టీచర్?" అన్నాడు. అంతే. కోపంగా కూడా అనలేదు. ఫ్యాను మళ్లీ బిగించి ఆటో దాకా మోసుకొచ్చాడు. ఆ తర్వాత తను చదువులో ఏదీ అడగలేదనీ, అడగడం మానేసి బట్టీ పట్టాడనీ, పదో తరగతితో ఆపేశాడనీ ఆటోలో ఫ్యాను పెడుతూ చెప్పాడు. చిన్నప్పుడు వాడు నా క్లాసులో అందరికంటే చురుకైనవాడే.

ఇదీ నేను చేసిన పని. నీ ఆర్డరు పోతే పోనీ. నా పింఛను ముగ్గురికి సరిపోతుంది, బాబాయ్ తక్కువే తింటాడు. సంతకం పెట్టావా, నా గుమ్మం తొక్కకు.

నీ పిన్ని

*

ఆగస్టు 27

పిన్నీ,

పెట్టలేదు.

నిన్న జరిగింది వరసగా చెప్తాను. ఆఫీసు గదిలో పొడుగు బల్ల, ఇటు హెడ్మాస్టరు, అటు కమిటీవాళ్లు నలుగురు. ఒకరు వడ్రంగి, ఒకావిడ నర్సు, ఇద్దరు పెద్దమనుషులు. నా ముందు కాగితం, దాని మీద పెన్ను. చదివారు. సంతకం పెట్టనన్నాను. ఎందుకన్నారు. "అందులో ఉన్నది జరగలేదు కాబట్టి" అన్నాను. ఆర్డరు సంగతి గుర్తుచేశారు. గుర్తుందన్నాను.

అప్పుడు హెడ్మాస్టరు మెల్లగా నవ్వి, "టీచర్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు, పిల్లనే అడుగుదాం" అని మంత్రిని పిలిపించాడు. వంకర జడలతో వచ్చి బల్ల ముందు నిలబడింది. బల్ల దాని గడ్డం దాకా ఉంది. ఆయన ముందుకి వంగి ఎంతో ముద్దుగా, "అల్మారా ఎవరు తెరిచారమ్మా? నిజం చెప్పు, ఎవరూ ఏమీ అనరు" అన్నాడు.

అవే మాటలు. అదే గొంతు. నాకు ఆ గది కనపడలేదు, నీ అల్మారా కనపడింది. లేచి ఆ పిల్లని ఎత్తుకుని బయటికి పోదామనుకున్నాను. సగం లేచాను కూడా. అది నా వైపు చూసింది. నేను తల ఊపలేదు, కన్ను కదపలేదు. నేనేం చేసినా, నేను చెప్పించానంటారు. కూర్చున్నాను. ఈ ఉద్యోగంలో ఇంతకంటే కష్టమైన పని నేను చెయ్యలేదు.

"ఎవరూ తెరవలేదు" అంది.

"బాగా ఆలోచించుకో. టీచర్ తెరిచిందా?"

"లేదు."

"నువ్వే పొరపాటున తెరిచావేమో?"

అది నిజంగానే ఆలోచించింది. ఆ మూడో పీరియడ్ నాకు తెలుసు కదా, ఆ ఆలోచన ఎక్కడికి పోతుందో తెలుసు. అది మెళ్లోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి ఆయన వైపు తోసింది.

"మళ్లీ పెట్టండి సార్. ఈసారి తాళంచెవి మీరే ఉంచుకోండి."

వడ్రంగి గొంతు సవరించుకుని, "పెట్టండి మరి, పెడితే ఏం పోయింది?" అన్నాడు. నర్సు వెళ్లి గింజలు తెచ్చింది. కప్పు తడిపి అల్మారాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి ఆయన చేతికిచ్చారు. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు, చాలా బరువున్నదాన్ని వేసుకున్నట్టు.

ఆర్డరు ఇంకా ఆయన సొరుగులోనే ఉంది. రేపేమవుతుందో నాకు తెలియదు, ఈసారి కూడా ఏదో ఒక చిల్లు కనిపెడతాడేమో. అయినా నాకు భయం లేదు పిన్నీ. ఏడేళ్లప్పుడు నా నోటికి రాని మాట ఆ పిల్ల నోటికి ఇంత తేలిగ్గా వచ్చింది. వచ్చాక అది బయటికి పరిగెత్తి తొక్కుడుబిళ్ల ఆడుకుంది.

నీ దగ్గర ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. అందులో నేనొకదాన్ని, నన్ను తీసెయ్. ఏడుగురి ఇళ్లు వెతుకు.

నీ అమ్మాయి